పైనుంచి పోసిన ద్రాక్షరసం

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఉండవలసింది. రాయలేకపోయాను. నాకు అక్షరాలు వచ్చిందే తల నెరిసిన తర్వాత. వనపర్తిలో కొడుకు ఇంట్లో ఉండగా, మా కోడలు మనవరాలి చేత పలక మీద అక్షరాలు దిద్దిస్తుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. మొదట బస్సు బోర్డులు చదవడం వచ్చింది, తర్వాత పాటల పుస్తకం, ఆ తర్వాత బైబిలు. రాయడం ఇంకా ఆలస్యంగా వచ్చింది. అయితే రాయకపోవడానికి అసలు కారణం అది కాదు. మా చర్చి అయ్యగారికి ఈ సంగతి తెలియకూడదని మా పెద్దమ్మ నా దగ్గర మాట తీసుకుంది. తాను బతికి ఉన్నంతకాలం చెప్పవద్దంది. అయ్యగారు చదువుకున్న మనిషి, అచ్చులో ఏది కనిపించినా వదలకుండా చదువుతారు. అందుకని నా కాగితాలు నా దగ్గరే ఉంచుకున్నాను. మొన్న పెద్దమ్మను మట్టి చేసి వచ్చాం. ఆమె సందుగలో చీరలు తీసి పంచుతుంటే పాత చీర మడతల్లో మా చర్చి ద్రాక్షరసం కప్పు దొరికింది. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇప్పుడు అయ్యగారు ఇది చదివినా ఫర్వాలేదు. నిజానికి ఆయనే చదవాలి.

మా ఊరు పాన్‌గల్‌కు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. ఎర్ర నేల, వాన పడితే వేరుశనగ, పడకపోతే కూలికి ముంబై బస్సు. ఊరి చివర మా వాడ, మాదిగ గేరి, గేరి చివర చర్చి. చర్చి అంటే పెద్దదేమీ కాదు, ఒక పొడవాటి గది, నాపరాళ్ల నేల, తలుపు పక్కన వేలాడదీసిన ఇనుప పట్టా. దాన్ని సుత్తితో కొడితే అదే గంట. నెలలో మొదటి ఆదివారం బల్ల ఉండేది. అంటే రొట్టె విరిచి, ద్రాక్షరసం కప్పు ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ అందరూ ఒక్కొక్క గుక్క తాగడం. ఆ కప్పు తోమే పని మా పెద్దమ్మ మార్తమ్మది. ఆమె మా అమ్మకు అక్క. పిల్లలు లేరు, పెదనాయన తొందరగా పోయాడు. మా ఇల్లూ ఆమె ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి కనుక నేను ఏ ఇంట్లో పెరిగానని అడిగితే చెప్పలేను.

బల్లకు ముందురోజు శనివారం పెద్దమ్మ కూలికి పోయేది కాదు. పొద్దున్నే చింతపండు, పొయ్యిలో బూడిద కలిపి కప్పును తోమేది. తోమేటప్పుడు మమ్మల్ని దగ్గరకు రానిచ్చేది కాదు, నీళ్లు చల్లుతామని. తర్వాత నల్లని ఎండు ద్రాక్షను నానబెట్టి, కుండలో మెల్లగా ఉడకబెట్టేది. ఆ వాసన జొన్నరొట్టె వాసన మీదుగా, పక్కింటి పచ్చితోలు వాసన మీదుగా గేరి అంతా పాకేది. మేం పిల్లలం కుండ చుట్టూ తిరిగేవాళ్లం. రసం వడకట్టిన తర్వాత మిగిలిన పిప్పి మాకు పెట్టేది. ‘ఇది బల్ల గాదు, ఊకె పిప్పి. బల్ల దిన్నమని యాడన్న జెప్తే వీపు పగుల్తది’ అని బెదిరించేది. రసాన్ని గిన్నెలో పోసి, పైన తెల్ల గుడ్డ కట్టి, ఇంటి మూల పెట్టి, ఆ పక్కనే చాప వేసుకుని పడుకునేది. పిల్లి వస్తుందని అనేది గానీ ఆమె భయం పిల్లి గురించి కాదు, మా గురించి.

ఆ కప్పు ఆమెకు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మేం నీళ్లు ఎలా తాగేవాళ్లమో చెప్పాలి. ఊరి బావి గిలక మేం ముట్టకూడదు. కడవ పెట్టుకుని దూరంగా నిలబడితే ఎవరో ఒకరు తోడి పోసేవాళ్లు. కోతల కాలంలో రెడ్ల చేనులో దాహమైతే గట్టు కింద వంగి కూర్చుని దోసిలి నోటికి ఆనించి పట్టాలి. పోసే మనిషి చెంబును పైకెత్తి పోసేది, తుంపర ఎగిరి తన మీద పడకుండా. సగం నోట్లోకి పోయేవి, సగం మోచేతుల మీదుగా కారి కొంగు తడిపేవి. చిన్నప్పుడు నేను నీళ్లంటే పైనుంచి పడేవే అనుకున్నాను. పాన్‌గల్ బస్టాండు దగ్గర ఛాయ్ హోటల్లో మా వాళ్లకు వేరే కప్పులుండేవి, చూరులో దూర్చి. నాయన ఒక కప్పు తీసుకుని కింద పెట్టి జరిగేవాడు, హోటలాయన పైనుంచి పోసేవాడు. తాగి, కడిగి, మళ్లీ చూరులో దూర్చి వచ్చేవాడు. ఇందులో కోపం గానీ ఏడుపు గానీ ఉండేది కాదు. అది మాకు చెప్పులు విప్పి చర్చిలోకి పోయినంత అలవాటు.

అలాంటి రోజుల్లో గద్వాల నుంచి ఒక టీచరమ్మ బదిలీ మీద మా ఊరి బడికి వచ్చింది. నేతపని చేసే ఇంటి బిడ్డ. గద్వాలలోనే బాప్తీస్మం తీసుకుందట. మొదటి ఆదివారం తెల్ల చీర కట్టుకుని మా చర్చికి వచ్చి, ఆడవాళ్ల వరుసలో మా అమ్మ పక్కన చాప మీద కూర్చుంది. కప్పు మా అమ్మకు వచ్చింది. అమ్మ ఒక గుక్క తాగింది. తాగి, ఆ కప్పును టీచరమ్మ చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కు తీసుకుని, కూర్చున్న చోటే వెనక్కు జరిగింది. ఊరివాళ్లకు ఏది ఇవ్వాలన్నా మేం అలాగే ఇచ్చేవాళ్లం. టీచరమ్మ కప్పు వంక, అమ్మ వంక చూసింది.

‘కింద పెడ్తవేంది వదినా? చేతికియ్యి’ అంది.

అమ్మ ఇచ్చింది. చేతులు ఎంత వణికాయంటే రసం సగం టీచరమ్మ తెల్ల చీర మీద ఒలికింది. మిగిలింది ఆమె తాగి, ఏమీ జరగనట్టు పక్క మనిషికి అందించింది. నేను పిల్లల వరుసలో కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నాను. పిడుగు పడుతుందనుకున్నాను. ఇంటికి వచ్చిన తర్వాత అమ్మ అన్నం ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, ‘నా ఎంగిలి తాగిందే అక్కా’ అని అదే మాట అంటూ ఉంది.

‘తాగితే ఏమాయె? సచ్చిందా?’ అంది పెద్దమ్మ. ‘ఇప్పుడే ఉతికిన చీర ఆరేస్తుండంగ జూసొచ్చిన. ముందుగాల ఆ మరకకు నిమ్మకాయ రుద్దమని జెప్పొచ్చిన. నువ్వు అన్నం దిను.’

ఆ తర్వాత ఎప్పుడో పట్నం నుంచి ఒక అయ్యగారు బల్ల ఇవ్వడానికి వచ్చి, ఒక్కొక్కరు తాగిన తర్వాత జేబురుమాలుతో కప్పు అంచు తుడుస్తూ పోయాడు. పెద్దమ్మ వంతు వచ్చింది. ఆమె కప్పు తీసుకోలేదు.

‘ఆ గుడ్డతోని దేన్ని తుడుస్తుండ్రు అయ్యగారూ?’

‘శుభ్రత కోసం అమ్మా.’

‘మాకు ఊరంత శుభ్రత నేర్పుతనే ఉన్నది సార్. ఈడన్న జర ఊకోండ్రి.’

వెనక మగవాళ్లు నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది గానీ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి మా చర్చిలో కప్పు అంచు ఎవరూ తుడవరు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చేసింది తప్పేమీ కాదు. కాని ఊరు మొత్తంలో మా నోరు తగిలిన తర్వాత ఇంకొకరి నోరు తగిలే పాత్ర అదొక్కటే ఉండేది. దాన్ని తుడిస్తే మాకు మిగిలేదేమిటి?

కరోనా వచ్చిన ఏడాది నేను పెద్దమ్మను చూసిపోదామని ఊరికి వచ్చి, బస్సులు ఆగిపోవడంతో అక్కడే ఉండిపోయాను. చర్చికి తాళం పడింది. గేరిలో ఎవరింటి ముందు వాళ్లు కూర్చుని, ఒకరి వంక ఒకరు చూసుకోవడమే. ముంబై నుంచి నడిచి వచ్చిన వాళ్లను బడిలో ఉంచారు. మా సంఘ పెద్ద ఒకాయనకు దమ్ము వస్తే దవాఖానకు తీసుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు. మూటకట్టిన ఒళ్లును దూరం నుంచి చూశామంతే, పాట పాడేవాళ్లు కూడా లేరు. కనుక ఆ రోగం అబద్ధమని గానీ, జాగ్రత్తలు అక్కర్లేదని గానీ నేను ఎప్పుడూ అనను.

చర్చి తెరవవచ్చని చెప్పిన వారం అయ్యగారు ఇల్లిల్లూ తిరిగారు. ఈయన మా కొత్త అయ్యగారు, చిన్న వయసు. తాత ముత్తాతలది ఉప్పునుంతల దిక్కు, మా వాళ్లే. తాను మాత్రం చిన్నప్పటి నుంచీ పట్నంలో హాస్టళ్లలో చదువుకున్నారు. మెత్తని మనిషి. మాస్కు కట్టుకుని మా వాకిలి బయట నిలబడ్డారు.

‘అవ్వా, ముసలోళ్లు గుడికి రావొద్దంట. నేనే ఇంటికొచ్చి ప్రార్థన చేస్త.’

‘నువ్వొచ్చుడేంది? నేను కప్పు తోమిన గుడి అది. నేనే వస్త.’

‘అట్లయితే జర మాస్కు కట్టుకో అవ్వా. నీ పానం కోసమే.’

‘దూడ మూతికి చిక్కం కట్టినట్టున్నది’ అంటూనే కట్టించుకుంది. కట్టుకున్న తర్వాత అద్దం తెమ్మంది. చూసుకుని, ‘పండ్లు లేని సంగతి తెల్వకుండ బాగనే ఉన్నది’ అంది. అయ్యగారు పడీపడీ నవ్వారు.

శనివారం ఆమె ఎప్పటిలాగే కప్పు తోమింది. కప్పు వాడరని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఆదివారం దాన్ని కొంగు కింద పెట్టుకుని, నా భుజం పట్టుకుని నడిచింది. తలుపు దగ్గర ఒకతను నుదుటి దగ్గర యంత్రం పెట్టి జ్వరం చూశాడు, చేతుల్లో మందు పోశాడు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. చాపలు తీసేశారు. నాపరాళ్ల మీద సున్నంతో గుండ్రని గీతలు గీసి ఉన్నాయి, మనిషికొకటి, ఒకదానికొకటి దూరంగా. పెద్దమ్మ ఆ గీత దగ్గర ఆగిపోయింది.

‘గీతలు ఎవరు గీసిండ్రే?’

‘రోగం అంటకుండ పెద్దమ్మా. అందరికీ గీసిండ్రు. అందులో కూసో.’

‘ఎనుకట గీత అవతల ఉంచిండ్రు. ఇప్పుడు గీత లోపల ఉంచుతుండ్రా’ అని గొణిగింది. కూర్చుంది.

పాట మాస్కుల వెనక నుంచి సన్నగా వచ్చింది. ప్రసంగం తొందరగా ముగిసింది. బల్ల మీద తెల్ల గుడ్డ తీస్తే, కప్పు ఉండే చోట కాగితపు కప్పుల దొంతర, పక్కన ఒక కెటిల్. అప్పటికీ నాకు ఏమీ తోచలేదు. అయ్యగారు చేతులకు తొడుగులు వేసుకున్నారు. వరుసలోకి వచ్చి, ఒక్కొక్కరి ముందు గీత లోపల కాగితపు కప్పు నేల మీద పెట్టి, వెనక్కు జరిగారు. తీసుకోమని చేతితో సైగ చేశారు. కూర్చున్న మనిషి కప్పు తీసుకుని పట్టుకుంటే, ఆయన నిలబడి కెటిల్ పైకెత్తి, దూరం నుంచి, పైనుంచి పోశారు. సన్నటి ధారగా పడింది. అంచుకు తగలకుండా, తుంపర ఎగరకుండా, ఎంతో జాగ్రత్తగా పోశారు.

నేను ఉన్నది చర్చిలోనా, రెడ్ల చేను గట్టు కిందనా తెలియలేదు. పెద్దమ్మ వంక చూశాను. అయ్యగారు ఆమె ముందుకు వచ్చారు. కప్పు కింద పెట్టి జరిగారు. ఆమె కప్పు ముట్టలేదు. తలెత్తి, పైనున్న కెటిల్ను చూసింది. మాస్కు కిందికి లాగింది. ముందుకు వంగి, రెండు చేతులూ దగ్గరకు చేర్చి, దోసిలి నోటికి ఆనించి పట్టింది.

ఎన్ని ఏండ్లయిందో ఆమె అలా పట్టి. ఊరిలో నల్లాలు వచ్చాయి, మా వాళ్లు హోటల్లో కుర్చీల మీద కూర్చుని తాగుతున్నారు. ఆ చేతులు మాత్రం మరిచిపోలేదు. ఆమెను అడగకుండానే అవి లేచాయి.

‘అవ్వా, చేతుల్ల గాదు. కప్పుల పోస్త, కప్పు పట్టుకో’ అన్నారు అయ్యగారు, మెత్తగా.

పెద్దమ్మ తన చేతుల వంక చూసుకుంది. అవి ఎవరివో అన్నట్టు చూసింది. మెల్లగా కిందికి దించింది. నేల మీద చేయి ఆనించి లేచి, గీత దాటి, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచింది. కొంగు కింద కప్పు అలాగే ఉంది.

ఆమెను ఇంటిదాకా దిగబెట్టి, నేను మళ్లీ చర్చికి వచ్చాను. అందరూ పోయారు. అయ్యగారు గీతల మధ్య నిలబడి వాడిన కప్పులు ఏరి సంచిలో వేస్తున్నారు. నాకు కోపం పొంగుతోంది. దారిపొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. నేను నోరు తెరవకముందే ఆయనే అడిగారు.

‘అమ్మా, అవ్వకు ఏమైంది? చేతులు ఎందుకు పట్టింది? శానిటైజర్ పోస్తున్ననుకున్నదా?’

నేను ఆయన ముఖంలోకి చూశాను. వెటకారం లేదు, దాపరికం లేదు. నిజంగానే అడుగుతున్నారు. మా మనిషి, మా గేరిలాంటి గేరిలో పుట్టినవాళ్ల మనవడు. ఆ దోసిలి ఏమిటో ఆయనకు తెలియదు. ఎక్కడా చూడలేదు. పైనుంచి పోయడం ఆయనకు ఒక శుభ్రమైన పద్ధతి, అంతే. ఆయన కెటిల్ పైకెత్తినప్పుడు కూడా నాకు అంత దిగ్భ్రాంతి కలగలేదు.

‘పరేషాన్ అయింది అయ్యగారూ. ముసల్ది గద’ అని వచ్చేశాను.

పెద్దమ్మ గోడకు ఆనుకుని, అమ్మ ఆనాడు కూర్చున్నట్టే కూర్చుని ఉంది. అన్నం ముట్టలేదు. ‘నేను ఇగ బల్లకు పోను బిడ్డా’ అంది. ‘బల్ల లేకుండనే పోత మీ పెదనాయన దగ్గరికి. గా నీళ్లు మల్ల తాగ.’ ఆమె మాట అంటే మాటే. ఎనభై దాటిన మనిషి, బయట అలాంటి రోగం. బల్ల తీసుకోకుండా పోతే ఆమెకు అది సంఘంలో నుంచి వెలివేసినట్టే. వేసింది ఎవరూ లేకపోయినా, తనకు తానే వేసుకుంటోంది. అయ్యగారు అడిగిన మాట చెప్పాను.

‘ఏం పోస్తున్నడనుకున్ననంట?’

‘శానిటైజర్. తలుపుకాడ చేతుల్ల పోసిండ్రు సూడు, అది.’

పెద్దమ్మ నా వంక చూసింది. ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. దగ్గు వచ్చేదాకా, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగిన తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

‘వానికి తెల్వదా?’ అంది.

‘తెల్వదు పెద్దమ్మా.’

‘నిజంగ తెల్వదా? వాని తాత చూరుల కప్పుల తాగలేదా?’

‘తాగే ఉంటడు. చెప్పలేదేమో.’

‘ఎందుకు జెప్తడు? నువ్వు నీ కొడుక్కు జెప్పినవా?’

చెప్పలేదు. చెప్పాలని ఎప్పుడూ తోచలేదు. వాడు బడికి పోవాలి, మంచి చొక్కా వేసుకోవాలి, ఎవరి ఎదుటా వంగకూడదు అనుకున్నానే గానీ, ఎలా వంగేవాళ్లమో చూపించలేదు. మేం దాటిన దాన్ని మా పిల్లలకు చూపించకుండా దాటాం. అందుకే ఆ చిన్నవాడు పెద్దమ్మ ఎదుట చేయి వణకకుండా కెటిల్ ఎత్తగలిగాడు. ఇది మేం గెలిచినట్టా, పోగొట్టుకున్నట్టా? అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. అప్పట్లో మమ్మల్ని ముట్టకూడదని దూరం ఉండేది, ఇప్పుడు మేం బతకాలని దూరం ఉంది. రెండు దూరాలకూ ఒకటే కొలత. ఆ పాత దూరం తెలిసిన ఒంటికి మాత్రమే ఆ తేడా తెలియడం లేదు. తెలియని మనిషికి తేడా అన్న ప్రశ్నే లేదు.

‘వానికి చెప్పకు’ అంది పెద్దమ్మ. ‘చెప్తే మల్ల పోయలేడు. పోసినప్పుడల్ల నా చేతులే కనవడ్తయి వానికి. పాపం, మంచి పిల్లగాడు. నేనున్నన్ని దినాలు చెప్పకు. మాటియ్యి.’

ఇచ్చాను.

‘పొద్దుగాల రమ్మను. తాగుత.’

‘కాగితం కప్పులనా?’

‘కాగితమో, ఆకో. తెల్వక పోసేటోని చేతిల తాగొచ్చు.’

మర్నాడు పొద్దున్నే నేను పోయి పిలిస్తే అయ్యగారు సంతోషంగా వచ్చారు. వాకిట్లో ఎండలో పెద్దమ్మకు పీట వేశాను. ఆయన మాస్కు కట్టుకుని, తొడుగులు వేసుకుని, ప్రార్థన చేశారు. కాగితపు కప్పు నేల మీద పెట్టి జరిగారు. పెద్దమ్మ తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది. పైనుంచి ధార పడింది. ఆమె కళ్లు మూసుకుని తాగింది, చివరి చుక్క దాకా. అయ్యగారు ఇంకొక కప్పు నా కోసం కింద పెట్టి, నన్ను కూర్చోమన్నారు. నేను కప్పు తీసుకున్నాను గానీ కూర్చోలేదు. నిలబడి, చేయి చాపి, ఆయన భుజం ఎత్తుకు కప్పును పట్టాను. ఆయన ఒక క్షణం ఆగి, కెటిల్ను ఇంక పైకి ఎత్తకుండా, నా కప్పుకు సమానంగా వంచి పోశారు.